ఇస్త్రీపెట్టె పందెం

శనివారం సాయంత్రం ఐదున్నర. హైదరాబాద్ బాలానగర్‌లో ఓ మౌల్డుల షెడ్డు, దాని మీద డిజైన్ గది. కింద వీఎంసీ మిషన్ ఇంకా స్టీలు చెక్కుతూనే ఉంది, ఆ అదురు కుర్చీలోకి తెలుస్తోంది. కూలెంట్ వాసన మెట్లెక్కి పైకి వచ్చేసింది. మీ ముందు రెండు మానిటర్లు, పక్కన వెర్నియర్, రేడియస్ గేజ్. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో మొదలైంది ఈ బాలానగర్‌లోనే. అక్కడ పని నేర్చుకున్నవాళ్ళు ఈ చుట్టుపక్కల షెడ్లలో చాలామందే కనిపిస్తారు. ఈ గదిలో సీనియర్ కూడా అలా వచ్చినవాడే. అందరికీ అన్న.

అన్న ఓ పాత కరెంటు ఇస్త్రీపెట్టె తెచ్చి బల్ల మధ్యలో పెడతాడు. వైరు కోసేసి ఉంది, కింది పలక ఊడదీసి ఉంది. మిగిలింది పై ప్లాస్టిక్ తొడుగు, దానితో కలిసిన పిడి.

"ఇయ్యాల పందెం ఇదే. గంట టైమ్. సాలిడ్ కమాండ్లు ముట్టొద్దు, అన్నీ సర్ఫేసులే. టైమ్ అయినంక అందరూ ఫీచర్ ట్రీ ఓపెన్ చెయ్యాలె, ఏది ఎట్ల కట్టిన్రో కనిపించాలె. దాచుకునుడు లేదు."

"ఓడితే ఏంటన్నా?" గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడు అప్పుడే మౌస్ అందుకున్నాడు.

"ఎవరి మోడల్ ఇరిగితే వాళ్ళది మిర్చి బజ్జీల ఖర్చు."

తొడుగును చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. బల్లపరుపుగా ఉన్న చోటు ఎక్కడా లేదు. వెనక వెడల్పుగా మొదలై ముందుకు పోయేకొద్దీ సన్నబడి ముక్కుగా ముగుస్తుంది. పిడి రెండు చోట్ల ఒంట్లోకి కలిసిపోతుంది, ఎక్కడ పిడి ఆగి ఎక్కడ ఒళ్ళు మొదలైందో వేలికి తెలియదు. దీన్ని దిమ్మలు పేర్చి, కోసి తయారుచెయ్యలేం. మందం లేని చర్మంలా ఒక్కో సర్ఫేస్ పరుచుకుంటూ పోయి, అన్నీ కుట్టి, చివర్లో మందం ఇవ్వాలి.

ఫోన్‌తో ఫోటోలు తీస్తున్నారు. ఎదురు సీటు అమ్మాయి ఇస్త్రీపెట్టెను బల్ల మీదే వదిలి తను గది చివరికి వెళ్ళిపోయింది, అక్కణ్ణుంచి జూమ్ చేసి తీస్తోంది. దగ్గర్నుంచి తీస్తే ముందుభాగం ఉబ్బి వెనకభాగం కుంచించుకుపోతుంది, ఆ ఫోటో మీద గీసిన గీతలన్నీ తప్పవుతాయి. మీరూ ఆమె పక్కన నిలబడి పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి తీసుకోండి. వెర్నియర్‌తో మొత్తం పొడవు కొలవండి, ఆ కొలతకు ఫోటోను సాగదీసి స్కెచ్ వెనక పెట్టండి.

ఇస్త్రీపెట్టెకు కుడి ఎడమలు ఒకటే, కాబట్టి సగం చేస్తే చాలు. మధ్య ప్లేన్ మీద ముక్కు నుంచి మడమ దాకా ఓ స్ప్లైన్ వేస్తున్నారు. ఎన్ని పాయింట్లు? ఫోటోలో అంచు ఒంపు తిరిగిన చోటల్లా ఒకటి గుచ్చాలనిపిస్తుంది. పక్క సీట్లో గుంటూరు కుర్రాడు అదే పని చేస్తున్నాడు, పదిహేను దాటాయి. మీరు ఐదింటితో ఆపి కర్వేచర్ కోంబ్ వెయ్యండి. వంపు ఎంత బిగుతుగా ఉంటే అంత పొడుగు పళ్ళు లేస్తాయి. ఆ పళ్ళ కొసలు ఒక్క ఊపులో లేచి ఒక్క ఊపులో దిగితే గీత బాగున్నట్టు. కుర్రాడి తెరమీద అవి లేస్తూ పడుతూ ఉన్నాయి. గీత చూస్తే నున్నగానే ఉంది, కోంబ్ మాత్రం ఒప్పుకోవడం లేదు.

ఇప్పుడు అడ్డగీతలు. మధ్య ప్లేన్‌ను తాకే చోట అవి సరిగ్గా 90 డిగ్రీలు ఉండాలి, లేకపోతే రెండో సగం మిర్రర్ చేయగానే వీపు మీద పొడుగునా గట్టు లేస్తుంది. అన్న వెనక నుంచి వంగి చూసి, "లంబంగ కలిపినవా? ఇంక చాలు. రెండు సగాల కర్వేచర్ దానంతట అదే కలుస్తది," అంటాడు. అవును మరి, అటూ ఇటూ ఉన్నది ఒకే గీత, అద్దంలో తిప్పినది. కలిసే చోట వాలు కలిస్తే వంపు ఎటూ ఒకటే అవుతుంది.

ముక్కు దగ్గరికి వచ్చారు. రెండు గీతలు ఒక కొస దగ్గర కలుస్తున్నాయి, మూడు అంచులే ఉన్నాయి. మూడింటినీ ఎంచుకుని బౌండరీ సర్ఫేస్ కొడితే వచ్చేస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ సర్ఫేస్ అనేది స్వతహాగా నాలుగు అంచులది. మూడే ఇస్తే నాలుగో అంచు నలిగి ఒక్క బిందువైపోతుంది. మెష్ లైన్లన్నీ అక్కడికే పోగవుతాయి. రేపు మందం ఇచ్చేటప్పుడు కమాండ్ తిరగబడేది సరిగ్గా అక్కడే. అందుకని ముక్కును దాటి బయటికి పోయేలా పెద్ద నాలుగంచుల సర్ఫేస్ పరవండి, తర్వాత పైనుంచి చూసిన ఆకారంతో ట్రిమ్ చెయ్యండి. కావలసినదానికంటే ఎక్కువ కట్టి కోసుకోవడమే ఈ పనిలో పెద్ద మెలకువ.

ఇరవై నిమిషాలే మిగిలాయి. పిడి ఒంట్లో కలిసే జంక్షన్ దగ్గర గది మొత్తం నిశ్శబ్దం. మీరు ఆ చోటు ఖాళీగా వదిలి, చుట్టూ ఉన్న సర్ఫేసుల అంచులను వెనక్కి కోసి, నాలుగు పక్కల కన్నం మిగుల్చుకున్నారు. దానిలో ప్యాచ్ వేసి, నాలుగు అంచులకూ కర్వేచర్ షరతు పెట్టండి. తెర ఓ క్షణం బిగుసుకుని, తేరుకుంది. ప్యాచ్ నిలబడింది.

"టైమ్!"

టీ వచ్చింది. నాలుగు తెరల మీదా జీబ్రా చారలు వేశారు. బొమ్మను తిప్పుతూ ఉంటే నలుపు తెలుపు చారలు దాని మీద పాకుతున్నాయి. రెండు సర్ఫేసులు కలిసిన చోట చార తెగి పక్కకు జరిగితే అంచులు తాకాయి అంతే, జీ0. చార కలిసింది కానీ విరిగినట్టు మలుపు తిరిగితే వాలు కలిసింది, జీ1. అతుకు తెలియకుండా జారిపోతే వంపు కూడా కలిసింది, జీ2. చదునైన చోట 3 మి.మీ. ఫిల్లెట్ వేస్తే వంపు సున్నా నుంచి ఒక్కసారిగా మూడో వంతుకు ఎగురుతుంది. మెరిసే ప్లాస్టిక్ మీద ఆ ఎగురుడు గీతలా కనిపిస్తుంది. అమ్మాయి ఫిల్లెట్ కమాండ్ వాడనేలేదు, అన్నిచోట్లా ప్యాచులే. చారలు ఎక్కడా తొణకలేదు.

అన్న ట్రీ తెరవగానే మాత్రం అందరూ ముందుకు వంగారు. అందులో జంక్షనే లేదు. పిడినీ ఒంటినీ వేరువేరుగా చూడలేదు ఆయన. మొత్తాన్ని ఒకే పెద్ద పక్కగోడగా కట్టి, చెయ్యి దూరే కిటికీని అందులోంచి కోశాడు. మీరు ఇరవై నిమిషాలు పోరాడిన చోటు ఆయనకు ఎదురే పడలేదు. ఒంటరిగా ఎన్ని ట్యుటోరియల్స్ చూసినా ఈ చూపు దొరకదు. అదే ఆకారంతో అదే గంట కుస్తీ పట్టాక పక్కవాడి ట్రీ చూస్తేనే దొరుకుతుంది.

అన్న టీ తాగుతూ ఫ్రాన్స్ సంగతి చెబుతాడు. 1959లో సిట్రోయెన్ కార్ల కంపెనీలో పాల్ ద కాస్తెల్‌జో ఈ వంపులకు లెక్క కనిపెట్టాడు. కంపెనీ దాన్ని రహస్యంగా ఉంచింది. రెనో కంపెనీలో పియర్ బెజియే విడిగా అదే దారికి వచ్చి, 1960లలో బయటికి ప్రకటించాడు. అందుకే లోకమంతా వాటిని బెజియే కర్వులంటోంది. "దాచినోడి పేరు వోయింది, చూపినోడి పేరు నిలిచింది," అంటాడు అన్న.

ఇక రెండో దశ. సాలిడ్‌వర్క్స్ వార్షిక సభల్లో 2000 నుంచి నడిచిన మోడల్ మేనియా పోటీలోనూ ఇదే పద్ధతి: ముందు డ్రాయింగ్ చూసి పార్టు కట్టాలి, తర్వాత మార్పు ఇస్తారు. ఇక్కడ దానికి ఇంకో మెలిక ఉంది, మార్పు చెయ్యాల్సింది మీ ఫైల్లో కాదు, పక్కవాడి ఫైల్లో. "పిడి 8 మి.మీ. పైకి."

కుర్చీలు మారాయి. మీకు గుంటూరు కుర్రాడి ఫైలు పడింది. చారలు వంకరపోయిన మోడలే, కానీ అతను అన్ని కొలతలనూ మొదటి స్కెచ్‌లోనే పెట్టాడు. ఒక్క అంకె మార్చారు, ట్రీ పైనుంచి కింద దాకా పచ్చగా కదిలి నిలబడింది. అటుపక్క అమ్మాయి అన్న ఫైలులో అంకె మార్చింది. కిటికీ ఎర్రబడింది, దాని కింద సర్ఫేసుల్ని కుట్టిన నిట్ ఎర్రబడింది, దాని కింద మిగతా అన్నీ. ట్రిమ్ చేసిన అంచునుంచి కిటికీ గీతను ఎత్తుకున్నాడు ఆయన. అంచు మారగానే దాన్ని పట్టుకుని వేలాడుతున్నవన్నీ పడిపోయాయి. మూల గీతకే కట్టి ఉంటే పడేవి కావు.

"బజ్జీలు అన్నవే!" కుర్రాడు అరిచాడు. అన్న జేబులోంచి డబ్బులు తీస్తూనే మీ మోడల్‌కి, మౌల్డులోంచి పార్టు బయటికి వస్తుందో లేదో చూపే డ్రాఫ్ట్ ఎనాలిసిస్ వేయించాడు. పార్టింగ్ లైన్ పైన అంతా పచ్చ, పిడి కింద మాత్రం ఎరుపు. అక్కడ అండర్‌కట్, మౌల్డు నేరుగా తెరుచుకోదు. తెరమీద ఎంత నిగనిగలాడినా కింద మిషన్ మీద వాళ్ళకు అది పనికిరాదు.

గుంటూరు కుర్రాడి మోడల్ అద్దంలా లేదు, విరగలేదు. అన్నది అద్దంలా ఉంది, విరిగింది. సర్ఫేసింగ్‌లో రెండూ కావాలి, ఆ రెండోది మీ ఫైలు ఇంకొకరి చేతిలో పడేదాకా బయటపడదు. కాబట్టి వచ్చే శనివారం మీ గదిలోనూ ఒక షాంపూ సీసానో బైకు ట్యాంకో బల్ల మీద పెట్టండి. గంట టైము పెట్టుకోండి, చివర్లో ట్రీలు తెరిచి ఫైళ్ళు మార్చుకోండి. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫర్వాలేదు, డబ్బు పెట్టక్కర్లేని ఫ్రీక్యాడ్‌తోనైనా మొదలుపెట్టవచ్చు. బజ్జీల ఖర్చు ఎవరి వంతుకు వచ్చినా, ఆ వారం ఎక్కువ నేర్చుకునేది వాళ్ళే.