ఎన్తిని బస్సెందుకు ఎక్కలేదు?

దక్షిణాఫ్రికా తరఫున టెస్టు ఆడిన తొలి నల్లజాతి ఆఫ్రికన్ మఖాయా ఎన్తిని. 1977లో ఈస్టర్న్ కేప్‌లోని మ్డింగి అనే పల్లెలో పుట్టాడు. పశువులు కాసిన పిల్లవాడు. అతని వేగాన్ని క్రికెట్ అభివృద్ధి కార్యక్రమం వాళ్లు గుర్తించి, బూట్లిచ్చి, డేల్ కాలేజీ అనే పేరున్న బడిలో చేర్పించారు.

1998లో కేప్‌టౌన్‌లో శ్రీలంకపై మొదటి టెస్టు ఆడాడు. కోటాలో వచ్చాడన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. (ఈ మాట మనం వినని చోటెక్కడ?) 2003లో లార్డ్స్‌లో పది వికెట్లు తీశాడు. దక్షిణాఫ్రికా బౌలర్ అక్కడ ఆ పని చేయడం అదే మొదలు. 2005లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 132 పరుగులకే 13 వికెట్లు తీసి, ఒక టెస్టులో తమ దేశపు రికార్డు నెలకొల్పాడు. 2011లో వీడ్కోలు పలికేనాటికి 101 టెస్టుల్లో 390 వికెట్లు, 173 వన్డేల్లో 266.

అలుపెరగని బౌలరని అందరూ మెచ్చుకున్నారు. హోటల్ నుంచి స్టేడియానికి పరిగెత్తుకుంటూ వెళ్లేవాడు కదా! ఆ పరుగు ఎందుకో 2020లో టీవీ ఇంటర్వ్యూలో తనే చెప్పాడు. బస్సులో తాను వెనక కూర్చుంటే మిగతావాళ్లు ముందుకెళ్లేవారు. భోజనానికి రమ్మని ఎవరూ తలుపు తట్టేవారు కాదు. ఆ ఒంటరితనం తప్పించుకోవడానికే బ్యాగు డ్రైవరుకిచ్చి పరిగెత్తాడు.

పూనాలో పల్వంకర్ బాలూకు పెవిలియన్ బయట మట్టి పాత్రలో టీ ఇచ్చిన చరిత్ర తెలిసిన మాకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. 390 వికెట్లు తీసినవాడు కూడా ఆ మాట చెప్పడానికి రిటైరయ్యాక తొమ్మిదేళ్లు పట్టడమే ఆలోచింపజేసింది. 2021లో దక్షిణాఫ్రికా క్రికెట్ బోర్డు విచారణ జరిపినప్పుడు స్పిన్నర్ పాల్ ఆడమ్స్ కూడా నోరు విప్పాడు: జట్టులో తనను ఒంటి రంగు పేరుతో వెక్కిరిస్తూ పిలిచేవారని.