కొండ అంచున సాగిన రోడ్డు: మిలాన్–సాన్ రెమో దారి చరిత్ర

ఇటలీ వాయవ్య భాగాన జెనోవా నగరం నుంచి ఫ్రాన్స్ సరిహద్దు దాకా సాగే పశ్చిమ లిగూరియా తీరంలో చదునైన నేల చాలా తక్కువ. ఆల్ప్స్, అపెనైన్ పర్వతశ్రేణుల చివరి కొండలు అక్కడ నేరుగా సముద్రంలోకి దిగుతాయి. వాగు కడలిలో కలిసేచోట ఒక ఊరు, ఊరు దాటగానే నీటి అంచు దాకా పొడుచుకువచ్చిన అగ్రం, దాని మీదుగా ఎక్కి దిగే రోడ్డు, ఆ దిగువన మళ్లీ మరో ఊరు, ఇదీ ఆ తీరపు స్వరూపం. 1907 నుంచి మిలాన్–సాన్ రెమో సైకిల్ పందెం ఈ రోడ్డు మీదనే సాగుతూ వస్తున్నది. ఒక్క రోజులో ముగిసే వృత్తి సైక్లిస్టుల పెద్ద పందేలలో అత్యంత దీర్ఘమైన ఈ పోటీ మార్చి నెలలో జరుగుతుంది కనుక ఇటాలియన్లు దీనిని 'ప్రిమవేరా', అంటే వసంతం, అని పిలుచుకుంటారు. దీని చరిత్రను విజేతల వరుసగా చెప్పుకోవడం పరిపాటి. అయితే ఆ విజేతలను తయారుచేసిన దారికి అంతకన్నా పాత చరిత్ర ఉన్నది, ఆ చరిత్రలో రాజులకన్నా, పందెగాళ్లకన్నా కొండవాలులో సేద్యం చేసిన రైతులకే పెద్ద వాటా దక్కుతుంది.

ఈ తీరం వెంబడి రోమన్లు క్రీస్తుపూర్వం 13లో అగస్టస్ చక్రవర్తి పేర 'వియా జూలియా అగస్టా' అనే రహదారి వేశారు. రోమన్ సామ్రాజ్యం పతనమయ్యాక ఆ దారి చాలాచోట్ల శిథిలమైంది. తరువాతి శతాబ్దాలలో ఊరికీ ఊరికీ మధ్య సరుకు పడవల మీదనో, కొండదారుల్లో కంచరగాడిదల మీదనో సాగింది. చక్రాల బండి నడవగల తీరరహదారి నెపోలియన్ పాలనలో మొదలై, ఆ తరువాత ఈ ప్రాంతాన్నేలిన సార్డీనియా రాజ్యకాలంలో రూపు దిద్దుకున్నది. జెనోవా నుంచి సరిహద్దు పట్టణం వెంతిమీలియా దాకా రైలుమార్గం 1872లో పూర్తికావడంతో ఉత్తర ఐరోపా సంపన్నులు చలికాలం గడపడానికి సాన్ రెమోకు రావడం పెరిగింది. 1905లో అక్కడ వెలసిన కేసినో ఆ విడిది వైభవానికి గుర్తు. ఇలా సైకిల్ పందెం పుట్టేనాటికి బండ్లు నడిచే రోడ్డు, అతిథుల కోసం ఎదురుచూసే పట్టణం రెండూ సిద్ధంగా ఉన్నాయి.

1906లో మిలాన్ నుంచి సాన్ రెమోకు ముందుగా కార్ల పందెం పెట్టి చూశారు గాని, ఆనాటి యంత్రాలకు ఆ దారి మింగుడుపడలేదు. మరుసటి ఏడు మిలాన్ నుంచి వెలువడే క్రీడాపత్రిక 'లా గజెట్టా డెల్లో స్పోర్ట్' అదే దారిలో సైకిల్ పందెం నిర్వహించింది. అప్పట్లో పత్రికలు తమ అమ్మకాలు పెంచుకోవడానికి సుదూర పందేలు పెట్టేవి. రోజంతా సాగే పోటీని పాఠకుడు కళ్లారా చూడలేడు కనుక మరునాటి పత్రిక కొని చదవక తప్పేది కాదు. 1907 ఏప్రిల్ 14న జరిగిన తొలి పోటీలో 33 మంది బయలుదేరగా 14 మంది మాత్రమే గమ్యం చేరారు. ఫ్రెంచి పోటీదారు లూసియన్ పెటి బ్రెతాన్ 11 గంటలకు పైగా తొక్కి, గంటకు సుమారు 26 కిలోమీటర్ల సగటు వేగంతో గెలిచాడు. మట్టిరోడ్డు మీద, నడుస్తూనే గేర్లు మార్చుకునే వసతి లేని బరువైన సైకిలుకు అది సామాన్యమైన వేగం కాదు.

దారి మొదట పో నదీ మైదానం గుండా చదునుగా సాగి, తరువాత 'తుర్కీనో' కనుమ ఎక్కుతుంది. మైదానాన్నీ తీరాన్నీ విడదీసే కొండవరుసలో సుమారు 530 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కనుమ శిఖరాన చిన్న సొరంగం ఉంటుంది. దానికి ఈవల చలిగాలి, ఆవల సముద్రపు వెచ్చదనం ఉండడం మార్చి నెలలో సాధారణం. 1910లో ఈ ఎత్తున మంచు తుఫాను కమ్ముకోగా పోటీదారుల్లో అధికభాగం పందెం మానుకున్నారు. చలికి కొయ్యబారిన ఫ్రెంచి పోటీదారు యూజీన్ క్రిస్టోఫ్ దారి పక్క సత్రంలో ఆశ్రయం పొంది, ఒళ్లు కాచుకొని, అక్కడ ఇచ్చిన పొడి బట్టలు తొడుక్కొని మళ్లీ సైకిలెక్కాడు. పన్నెండు గంటలకు మించిన ఆ ప్రయాణం చివర సాన్ రెమో చేరినప్పుడు తానే మొదటివాడినని అతనికి తెలియదు. తీరానికి దిగాక 'ఔరేలియా' రహదారి మీద సముద్రాన్ని ఎడమవైపు ఉంచుకొని పడమటికి సాగాలి; మెలే, చెర్వో, బెర్తా అనే మూడు అగ్రాల మీది ఎక్కుళ్లు అక్కడ ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. వీటిలో పెద్దదైన బెర్తా కూడా సముద్రమట్టానికి 130 మీటర్లే; కాని 250 కిలోమీటర్లు తొక్కిన కాళ్లకు ఆ ఎత్తు కూడా బరువే.

యుద్ధం వల్ల 1944, 1945లలో ఆగిపోయి 1946లో మళ్లీ జరిగిన పందెంలో ఇటాలియన్ పోటీదారు ఫౌస్టో కొప్పి తుర్కీనో సొరంగం నుంచి ఒంటరిగా వెలువడి, రెండో స్థానంలో వచ్చినవాడికన్నా 14 నిమిషాలు ముందుగా గెలిచాడు. అంతటి ఆధిక్యం ఆ తరువాత కష్టసాధ్యమైంది, దానికి కారణం దారిలోనే ఉన్నది. ఇటలీ ప్రభుత్వం 1928లో రహదారుల కోసం ప్రత్యేక సంస్థను నెలకొల్పాక మట్టిరోడ్లకు తారు పడింది, సైకిళ్లు తేలికయ్యాయి, గేర్లు వచ్చాయి. నున్నని రోడ్డు మీద వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం పెరుగుతుంది. ముందువాడి వెనుకనే అంటిపెట్టుకొని తొక్కేవాడికి ఆ నిరోధం బాగా తగ్గుతుంది. అందువల్ల ఒంటరిగా తెగించి ముందుకుపోయినవాడిని గుంపు సునాయాసంగా పట్టుకుంటుంది. ఎక్కుడులో వేగం తగ్గి గాలి ప్రభావం సన్నగిల్లుతుంది కాబట్టి గుంపు ఇచ్చే ఆసరా కరిగిపోయి ఎవరి బలం వారిదవుతుంది. తీరంలోని పాత ఎక్కుళ్లు ఈ పనికి చాలకపోవడంతో 1950లలో పందెం తరచుగా చివరి కొన్ని వందల మీటర్ల పరుగులో తేలిపోసాగింది. 1953 తరువాత ఇటాలియన్ విజేత కూడా కరువయ్యాడు.

నిర్వాహకుడు విన్సెంజో తొర్రియాని దీనికి విరుగుడుగా 1960లో 'పోజ్జో' కొండను దారిలో చేర్చాడు. సాన్ రెమో చేరడానికి కాస్త ముందు, ఔరేలియాను వదిలి కుడివైపు తిరిగే సన్నని రోడ్డు అది. పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు, సగటు వాలు నాలుగు శాతంలోపు, అంటే వంద మీటర్లు సాగితే నాలుగు మీటర్లు కూడా ఎత్తు పెరగదు. శిఖరానికి కొంచెం ముందు మాత్రం అది ఎనిమిది శాతానికి చేరుతుంది. రోడ్డుకు ఇరుపక్కలా పూలతోటల గాజు పందిళ్లు కనిపిస్తాయి. పంతొమ్మిదో శతాబ్ది చివరినుంచి సాన్ రెమో గులాబీలు, కార్నేషన్లు పండించి ఐరోపా నగరాలకు పంపిన పూలపట్టణం. మెలికలు తిరిగే ఈ రోడ్డు పూలరైతుల దైనందిన రాకపోకల దారి. పైన గుడి దగ్గర ఎడమకు మళ్లగానే దిగుడు మొదలవుతుంది. ఒకదానివెంట ఒకటిగా వచ్చే ఆ ఇరుకు మలుపుల్లో బలంకన్నా చాకచక్యం గెలుస్తుంది. 1992లో పోజ్జో ఎక్కుడులో మొరేనో అర్జెంతిన్ సంపాదించిన ఆధిక్యాన్ని ఐర్లండ్ పోటీదారు షాన్ కెల్లీ దిగుడులోనే హరించి, చివరి పరుగులో నెగ్గాడు. ఏడుసార్లు గెలిచి రికార్డు నెలకొల్పిన బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ విజయాలన్నీ ఈ కొండ చేరిన తరువాతి కాలానివే.

కాలక్రమాన పోజ్జో ఒక్కటే సరిపోలేదు. 1982లో, గమ్యానికి సుమారు 20 కిలోమీటర్ల ముందు, 'చిప్రెస్సా' ఊరి మీదుగా ఐదున్నర కిలోమీటర్ల ఎక్కుడు చేరింది. ఈ దారి ఆలివ్ తోటల మధ్య సాగుతుంది. నిటారు కొండవాలును మెట్లు మెట్లుగా చదునుచేసి, సున్నం గాని మట్టి గాని వాడకుండా రాతిని రాతి మీద పేర్చి గోడలు కట్టి, ఆ గోడల వెనుక మట్టిని నిలిపి సేద్యం చేయడం లిగూరియా రైతుల తరతరాల విద్య. ఇటలీతో సహా పలు ఐరోపా దేశాలలో నిలిచివున్న ఈ పొడిరాతి కట్టడపు నైపుణ్యాన్ని 2018లో యునెస్కో మానవజాతి అమూర్త వారసత్వంగా గుర్తించింది. ఆ తోటలకు పోవడానికి పుట్టిన ఎక్కుడు మీదనే 2025లో స్లొవేనియా పోటీదారు తదేయ్ పొగాచార్ విజృంభించినప్పుడు, అతని వేగాన్ని చివరిదాకా అందుకోగలిగినవారు ఇద్దరే. వారిలో ఒకరైన మాథ్యూ వాన్ డెర్ పూల్ పందెం గెలిచాడు. అదే ఏడు జెనోవా నుంచి సాన్ రెమోకు మహిళల పందెం తిరిగి ప్రారంభమై, చిప్రెస్సా, పోజ్జోలను వారూ ఎక్కారు. మహిళలకు 1999లో మొదలైన పోటీ 2005తో ఆగిపోయి రెండు దశాబ్దాలు మరుగునపడడం ఈ పందెం చరిత్రలో ఒక వెలితి.

దారి ఎవరిదన్న ప్రశ్న 2020లో సూటిగా ఎదురైంది. కోవిడ్ వల్ల పందెం ఆగస్టుకు వాయిదా పడగా, సందర్శకులతో నిండిన వేసవిలో ఏకైక తీరరహదారిని మూసివేయడానికి సవోనా ప్రాంతపు పలు పట్టణాల మేయర్లు ఒప్పుకోలేదు. ఆ ఏడు పందెం తుర్కీనోనూ మూడు అగ్రాలనూ విడిచి లోపలి కొండల మీదుగా తీరానికి దిగింది. మరోవైపు సామాన్య సైక్లిస్టుకు మేలైన దారి రైలుమార్గం నుంచి దొరికింది. 2001లో పట్టాలను కొండ లోపలి సొరంగాలకు మార్చాక ఖాళీ అయిన పాత మార్గంపై, సాన్ లోరెంజో అల్ మారె, ఒస్పెదలెత్తి పట్టణాల మధ్య సుమారు 24 కిలోమీటర్ల సైకిల్ బాట దశలవారీగా రూపొందింది. 2015లో 'జీరో ద ఇటాలియా' అనే దేశవ్యాప్త పందెం తొలి అంకం దాని మీదనే జరిగింది.

1907లో గంటకు 26 కిలోమీటర్లున్న సగటు వేగం 2024లో 46 కిలోమీటర్లు దాటింది. తారు, గేర్లు, తేలికపాటి సైకిళ్లు దారి కాఠిన్యాన్ని కొంచెం కొంచెంగా హరించిన ప్రతిసారీ, దానిని నిలబెట్టడానికి నిర్వాహకులు కొత్త రోడ్డేదీ వేయలేదు; రైతులు తమ తోటలకు వేసుకున్న దారులనే ఆశ్రయించారు. కాబట్టి ఆ రాతిగోడలనూ, ఆ సన్నని రోడ్లనూ కాపాడుకోవడం పందెం బాధ్యతలలో భాగం కావాలి. సేద్యం అంతరించి గోడలు కూలిన కొండ మీద రోడ్డూ నిలవదు, రోడ్డు నిలవనిచోట పందెమూ సాగదు.