వేసవి మడుగులు - మీనముల వేట



నేను బడిపంతులుగా నున్న దినములలో మహాభారత శాంతిపర్వమునందలి మూడు చేపల కథను బాలురకు చెప్పుచుండెడివాడను. నీరు తఱిగిన మడుగును జాలరులు కాలువలు త్రవ్వి యెండగట్టుచుండిరి. ముందుచూపు గల చేప ఆ కాలువ వెంబడినే వెడలిపోయెను. సమయస్ఫూర్తి గల చేప, పట్టిన చేపలను గ్రుచ్చిన త్రాటిని నోట కఱచుకొని, తానును చిక్కినట్లు నటించి, లోతునీట కడుగునప్పుడు జాఱిపోయెను. చూతము లెమ్మని యున్న దీర్ఘసూత్రుడు చచ్చెను. ఒకనాడు నేను నీతి చెప్పి ముగించునంతలో గంగపుత్రుల పిల్లవాడొకడు లేచి, "సారూ, చెరువెండితే మా నాయన గూడ చేపలు పడతడు. మరి కథల ఆయన చెడ్డోడా?" అని యడిగెను. నాకు సమాధానము తోచలేదు. గంట మ్రోగినది, బ్రతికితిని. ఆ ప్రశ్నకు నేడు ఉత్తరము చెప్ప బూనితిని. ఆ కథలోని దీర్ఘసూత్రుడను నేనేయని మీరు నవ్వినను తప్పులేదు.

మా పెద్ద కొడప్‌గల్ సీమ మంజీరా పరీవాహమున నున్నది. మహారాష్ట్రమునందలి బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు మండలము దాటి, ఈ నది కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. మాకు పడమట కౌలాసు కొండలు. వానకాలమున వాని వాగులు పొంగి పాఱును. చైత్ర వైశాఖములు వచ్చునప్పటికి ప్రవాహము తెగి, రాతిపడియలలో అక్కడక్కడ మడుగులు మాత్రము మిగులును. అప్పుడు ఏటి చేపలన్నియు నా గుంటలలోనే తలదాచుకొనవలెను. వేటకాని కంతకన్న సులభమగు కాలము లేదు. చేప కంతకన్న గడ్డుకాలమును లేదు.

దీనికి కారణము నీటి కొఱత మాత్రమే కాదు. నీరు వేడెక్కినకొలది దానిలో కరగియుండు ప్రాణవాయువు తగ్గును. 10 డిగ్రీల సెంటిగ్రేడున లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాములు నిలుచు వాయువు, 30 డిగ్రీలకు ఏడున్నరకు దిగును. శీతలదేశముల కొండవాగులలో పెరుగు ట్రౌటు చేప యీ మార్పును సహింపజాలదు. నీటి వేడి 20 డిగ్రీలు మించినచో తల్లడిల్లును. అందుచేతనే ఆంగ్లేయులు దానిని తెచ్చి కాశ్మీరమునను నీలగిరులపైనను 20వ శతాబ్దారంభమున స్థిరపఱుపగలిగిరి గాని, దక్కను వాగులలో దానికి చోటు లేకపోయెను. మన కొరమీను తీరు వేఱు. దాని తలలో గాలిని పీల్చుకొను ప్రత్యేకమైన యఱలున్నవి. అది మాటిమాటికి పైకి వచ్చి గాలి మ్రింగి పోవును. నీరు మురిగినను, బురద మాత్రమే మిగిలినను కొంతకాలము ప్రాణము నిలుపుకొనును. తల్లిదండ్రులు రెండును పిల్లలగుంపును కాచుకొని తిరుగును. తెలంగాణ ప్రభుత్వము 2016లో దీనినే రాష్ట్రమత్స్యముగా ప్రకటించినది. కరవునకు తట్టుకొను సీమ కిది తగిన చిహ్నమే.

ఇక వేట చరిత్రకు వత్తము. గాలపు వేటను శాస్త్రముగా వ్రాసినవారు పాశ్చాత్యులేయని చదువుకొన్నవారు సయితము తలంతురు. ఆంగ్లభాషలో నీవిషయమున తొలి ముద్రిత గ్రంథము 1496లో వెలువడినది. అంతకు మూడున్నర శతాబ్దములకు ముందే, మాకు పొరుగుననున్న కల్యాణమును రాజధానిగా చేసికొని యీ సీమను గూడ నేలిన చాళుక్యరాజు, భూలోకమల్ల బిరుదాంకితుడగు మూడవ సోమేశ్వరుడు, సంస్కృతమున మానసోల్లాస మను గ్రంథము రచించెను. ఆతని పాలనము 1126 మొదలు 1138 వఱకు. అందు వినోదములను గూర్చిన భాగమున మత్స్యవినోదమను ప్రకరణ మున్నది. చేపల జాతులేవి, వానిలో పొలుసు గలవేవి, లేనివేవి, ఏ చేప కే యాహారము రుచించును, గాలపుకఱ్ఱ యెట్టిది, త్రాడెట్టిది అను విషయము లందు వివరింపబడినవి. వేటకు ముందు నీటిలో మేత వేసి చేపలను మరపుట గూడ చెప్పబడినది. ప్రాణిశాస్త్రజ్ఞుడు సుందరలాల్ హోరా 1951లో దీనిని పరిశీలించి ప్రకటించెను. రాజు వ్రాసెనే గాని, నీటియొడ్డున బ్రతుకు బెస్తలు తెలుపనిదే యీ జ్ఞానము రాజాంతఃపురమున కెట్లు చేరును?

వేటకు హద్దును పెద్దలు విధించియే యుండిరి. అశోకచక్రవర్తి తన యైదవ స్తంభశాసనమున, పట్టాభిషేకమైన 26వ యేట, చాతుర్మాస్యపు పున్నమల యందును మఱికొన్ని పర్వములయందును చేపలను చంపరాదు, అమ్మరాదు అని కట్టడి చేసెను. కౌటిల్యుని యర్థశాస్త్రము చెఱువులలోని చేపలపై స్వామ్యము రాజుదే యనినది. తమిళదేశపు శాసనములలో చేపల రాబడిని చెఱువు పూడిక తీయుటకు వినియోగించిన నిదర్శనము లున్నవి. ఇది మిక్కిలి గమనింపదగిన విషయము. చేప చెఱువును కాచినది. చెఱువు చేపను కాచినది. నడుమ జాలరి యుండెను.

నిజాముసాగరము 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన పిదప మా జాలరుల జీవనము మాఱినది. వాగుగుంటల వెంట తిరిగినవారికి విశాలజలాశయము లభించెను. కాని దానికిని ఒండ్రు తప్పలేదు. తొలుత ఇంచుమించు 29 శతకోటి ఘనపుటడుగులు పట్టిన యీ సాగరము కాలక్రమమున పూడి, చాలవఱకు తఱిగిపోయినది. 2016 మొదలుకొని ప్రభుత్వము చెఱువులలో చేపపిల్లలను విడుచుట సాగించినది. వానలకు వదలిన పిల్లలు ఎదిగి చేతికి వచ్చునది వేసవినే. ముందుగా నీరెండిన యేట ఆ శ్రమ యంతయు వ్యర్థము.

మా చిన్ననాట చెఱువు చివరి వేటలో వృద్ధులొక నియమము పాటించుట చూచితిని. తూము దగ్గఱి లోతుగుంటలో వల వేయనిచ్చెడివారు కారు. "అది విత్తనపు గుంట" అనెడివారు. రైతు గాదెలో విత్తులు మిగుల్చుకొనునట్లే వారును మిగుల్చుకొనిరి. ఏటియిసుక నడుగంట త్రవ్వి, మడుగుల రూపు చెఱచి, చివరి గుంటను గూడ మందు వేసి యూడ్చినచో మఱుసటి యేడు వాగు పొంగినను దానిలో ఈదున దేమి? బ్రిటిషు ఇండియాలో 1897 నాటి మత్స్యచట్టమే విషముతోను ప్రేలుడు మందుతోను చేపలను చంపుట నేరమని చెప్పియున్నది. చట్టము తెలియకమున్నే మా వృద్ధులకు ధర్మము తెలిసియుండెను.

ఆ బాలుడిప్పుడు పెద్దవాడై యుండును. ఈ మాటలు వినుచున్నచో అతనికి చెప్పవలసినది యిది: నాయనా, మీ తండ్రి చెడ్డవాడు కాడు. కథలో ముందుచూపు గలది ఒక్క చేపయే యని నేను చెప్పితిని. విత్తనపు గుంటను విడిచిపెట్టిన జాలరికిని ఆ ముందుచూపు కలదని నాడే చెప్పియుండవలసినది.