మన కంచము నడచిన దారి



పండుగ సంచికలో తిండి చరిత్ర ఏమిటని నవ్వవద్దు. రాజుల చరిత్రలు, గుడుల చరిత్రలు పెద్దలు వ్రాసియున్నారు. నేను రైల్వేలో గుమాస్తాను, మెట్రిక్యులేషను వరకే చదివినవాడను. నాకు తెలిసినది మా ఇంటి చరిత్ర. అది మీ ఇంటి చరిత్రకు మిక్కిలి దూరముగా ఉండదని నా నమ్మకము.

1929లో కాజీపేట – బల్లార్షా రైలుమార్గము పూర్తియై, మద్రాసు నుండి ఢిల్లీకి ఈ దారిన నేరుగా బండ్లు నడచుటకు వీలు కలిగినది. ఆ పట్టాల వెంట మనవారనేకులు, నాడు చాందా అనబడిన ఈ చంద్రపూరుకు వచ్చి, బొగ్గుగనులలోను, రైల్వేలోను, తరువాత బల్లార్పూరు కాగితపు మిల్లులోను పనులకు కుదిరినారు. మా తాతగారు కూడ అట్లే కరీంనగరము వైపు నుండి వచ్చి గనిలో చేరినారు. ఊరిలో ఆయన తిన్నది జొన్న గటక, అంబలి. వరి అన్నము పండుగనాటి మాట. జీతము చేతికి వచ్చిన పిమ్మట ఆయన మొదట కోరినది రెండు పూటల తెల్లని అన్నము. నాటి నుండి మా ఇంట జొన్న బీదరికమునకు గుర్తు, వరి గౌరవమునకు గుర్తు అయినది. ఊరిలో మిగిలిన బంధువుల ఇండ్లకు ఆ మార్పు 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము పథకముతో వచ్చినది.

తాత ఆకలి మనుమల కంచములోనికి కూడ వచ్చును. “ఇంకో ముద్ద తిను బిడ్డా, మీ తాతకు గిది గూడ దొరకలే” అని మా నాయనమ్మ నాకు కొసరి కొసరి పెట్టినది. మెతుకు మిగిల్చిన తప్పు. బొద్దుగా ఉన్న పిల్లవాడే కలిగిన ఇంటి బిడ్డ. అయితే తాతగారు గనిలో దిగి, చెమటోడ్చి ఆ అన్నము అరిగించుకొన్నారు. నేను బల్ల ముందు కూర్చున్నాను. కంచము అదే, కష్టము మారినది.

“మా వంశమే ఇంత” అని కొందరందురు. వంశమునకును పాలు లేకపోలేదు. కాని కూనూరులో పరిశోధనలు చేసిన రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు, ఒకే జాతి ఎలుకలకు మన దేశములోని వివిధ ప్రాంతముల భోజనము పెట్టి చూచినాడు. గోధుమ రొట్టె, పప్పు, కూరలు, పాలు, వెన్న గల సిక్కుల భోజనము తిన్నవి అన్నింటికన్న బాగుగ ఎదిగినవి. బియ్యమే ప్రధానమైన మద్రాసు భోజనము తిన్నవి అన్నింటికన్న వెనుకబడినవి. ఆ కూనూరు సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ఉన్నది.

2016–18 మధ్య దేశమంతట జరిగిన సర్వేలో, 10 నుండి 19 ఏండ్ల పిల్లలలో నూటికి 24 మంది ఉండవలసినదానికన్న సన్నగాను, 5 గురు అధిక బరువుతోను ఉన్నట్లు తేలినది. కలిగిన ఇండ్లలో బరువు పిల్లలు ఎక్కువ. ఈ రెండు రకములును మన కాలనీలోనే కనిపించును. పర్మనెంటు ఉద్యోగి కొడుకు చేతిలో ఎప్పుడును దుకాణపు పొట్లము. కాంట్రాక్టు కూలి కూతురు ఇంట అందరు తిన్న తరువాత మిగిలినది తినును.

నిరుడు మా అమ్మాయికి పదమూడేండ్లు. బడిలో తోటిపిల్లలు లావని వెక్కిరించగా రాత్రి భోజనము మానివేసినది. నేను కారణము విచారింపక, “ముందే నోరు కట్టుకొనరాదా?” అని కసిరినాను. పిల్ల మాటాడక గోడవైపు తిరిగి పడుకొన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డ్యూటీ నుండి వచ్చుచు సమోసాలు, బిస్కట్లు తెచ్చినవాడను నేను. పెద్దమనిషియైనది, ఆటలు చాలునన్నది మా అమ్మ. వద్దన్నను వడ్డించినది నా భార్య. ఇందులో పిల్ల తప్పెంత?

మరునాడు పిల్లకు ఒక్కతెకు పథ్యము పెట్టలేదు, ఇంటిల్లిపాది కంచము మార్చుకొన్నాము. ప్రక్కింటి మరాఠీ ఆమె నా భార్యకు జొన్న భాకరి తట్టుట నేర్పినది. వారమునకు మూడు రాత్రులు భాకరి, పప్పు, ఆకుకూర. సాయంకాలము పిల్ల స్నేహితురాండ్రతో మైదానమునకు పోవుచున్నది. లావు, సన్నము అను మాటలు మా ఇంట నిషేధము. మొదటిరోజు భాకరి చూచి నాయనమ్మ నవ్వినది: “గీ జొన్న వద్దనే గదరా గింత దూరం వచ్చినం, మళ్ళ గదే తెచ్చిండ్రా!”

పిల్ల ఎంత తగ్గినదని అడుగవద్దు, మేము తూచలేదు. మరల అందరితో కూర్చుండి కడుపునిండ తినుచున్నది, నవ్వుచున్నది. నాకు అది చాలును.

ఉగాదినాడు మనము పచ్చడిలో వేపపూవు తిందుము. అదేనాడు గుఢీ పాడ్వా చేసికొను మన ఇరుగుపొరుగువారు వేపాకు, బెల్లము తిందురు. ఆ చేదును ఏ ఇంటను పిల్లలకు మాత్రమే పెట్టరు, పెద్దలు కూడ తిందురు. పిల్లల తిండి విషయమునను అట్లే నడచుకొందము.

మీ అందరికి ఈ నూతన సంవత్సరము ఆయురారోగ్యములను ప్రసాదించుగాక!