వంశవృక్షం లేనివారి చరిత్ర

వంశచరిత్ర అనగానే మనకు స్ఫురించేది ప్రభువుల వంశావళి. వనపర్తి సంస్థానాన్ని ఏలిన జనుంపల్లి వారి వంశక్రమం గ్రంథస్థమై ఉన్నది. ఎవరి తర్వాత ఎవరు గద్దె ఎక్కినారో చదువుకోవచ్చును. కాని అదే సంస్థానంలో 19వ శతాబ్దంలో రాజా రామేశ్వరరావు కొలువు చేసిన ఆఫ్రికా సైనికుల వంశక్రమం మాట ఏమిటి?

వారిని మనవాళ్లు సిద్దీలన్నారు, హబ్షీలన్నారు. తూర్పు ఆఫ్రికా నుంచి దక్కనుకు చేరిన సిద్దీలలో పెక్కుమంది పూర్వీకులు బానిసలుగా అమ్ముడుపోయి సముద్రం దాటినవారు. వనపర్తి రాజు సమకూర్చిన ఆ దళం తర్వాత నిజాం సైన్యంలో కలిసింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్నది దాని పేరు. 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైన పిదప ఆ దళం లేకుండా పోయింది. హైదరాబాదు మాసాబ్ ట్యాంకు దగ్గరి ఏ.సి. గార్డ్స్ అనే పేట పేరులో మాత్రం అది నిలిచి ఉన్నది. సిద్దీల సంతతి నేటికీ అక్కడ కాపురముంటున్నది. ప్రభువుకు ఇంటిపేరు మిగిలింది. సిపాయికి పటాలం పేరు మిగిలింది.

చదువు లేకపోవడంచేతనే వారికి చరిత్ర లేకపోయిందని కొందరంటారు. నేనీ వాదాన్ని అంగీకరించలేను. అమెరికా చరిత్రలోనే దీనికి సమాధానం దొరుకుతుంది.

18వ శతాబ్దంలో జర్మనీలోని పలాటినేటు ప్రాంతం నుంచి వేలాది రైతుకుటుంబాలు పెన్సిల్వేనియా వలస వెళ్లాయి. ఓడలో వచ్చినవారి పేర్లు నమోదు చేసి, వారిచేత రాజభక్తి ప్రమాణం చేయించాలని అక్కడి ప్రభుత్వం 1727లో నిర్ణయించింది. సంతకం రానివారు గుర్తు పెట్టినారు. పక్కన గుమాస్తా పేరు రాసినాడు. ఓడకిరాయి చెల్లించలేనివారు కొన్నేళ్ల వెట్టికి అమ్ముడుపోయినారు. వారి బతుకు సుఖమైనదని చెప్పబోను. అయినా వారి ఒప్పందానికి గడువున్నది, దానిలో వారి పేరున్నది. అందుచేతనే నేటి మనుమలు ఆ జాబితాలు పట్టుకుని తమ వంశాన్ని ఓడదాకా వెదుక్కోగలుగుతున్నారు.

అదే దేశంలో 1850, 1860 జనాభా లెక్కలు చూడండి. బానిసలకు వేరే పట్టికలు. యజమాని పేరు కింద బానిస వయసు, స్త్రీయో పురుషుడో, రంగు. బహుకొద్ది చోట్ల తప్ప పేరు లేదు. విముక్తి పొందినవారు మొట్టమొదటిసారి పేరుతో జనాభా లెక్కల కెక్కింది 1870లో. జర్మన్ రైతు నిరక్షరాస్యుడైనా లెక్కలో మనిషి. ఆఫ్రికా మనిషి లెక్కలో ఆస్తి. వంశవృక్షం ఉండటం, లేకపోవడం ఈ సంబంధాన్నిబట్టే నిర్ణయమైంది.

ఇది గతించిన కథ కాదు. ఆనకట్టలు కట్టడానికి, కాలువలు తవ్వడానికి మన ప్రాంతం నుంచి తరతరాలుగా వలస వెళ్లినవారిని దేశం 'పాలమూరు లేబర్' అన్నది. గుంపుమేస్త్రీ కింద వెళ్లిన ఆ కుటుంబాలకు జిల్లాపేరే ఇంటిపేరైంది. ఆనకట్ట శిలాఫలకం మీద మంత్రిగారి పేరుంటుంది. రాయి మోసినవారి పేరుండదు.

కనుక వనపర్తి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నాదొక మనవి. సంస్థాన చరిత్ర తిరగరాసేటప్పుడు కోటగోడల దగ్గర ఆగిపోకండి. ఏ.సి. గార్డ్స్‌లోని వృద్ధులనూ, మన తండాలలో, వాడలలో వలస వెళ్లి వచ్చినవారినీ అడగండి. వారి తాతల పేర్లు, వెళ్లిన చోట్లు, చేసిన పనులు రాసుకోండి. ఆలస్యమైన కొద్దీ చెప్పేవారు తగ్గిపోతారు.