చేతులు మారని నాణేలు

యూరో నాణేలు వాడుకలోకి వచ్చినది 2002 జనవరి 1న. అప్పటినుండి అచ్చయినవాటిలో కొన్ని ఏ అంగడిలోనూ చిల్లరగా చెల్లలేదు. టంకశాల నుండి అందమైన పెట్టెలలో తిన్నగా సంగ్రాహకుల బీరువాలకు చేరినవి. వీటిని ఏ తరగతిలో చేర్చవలెను? నాబోటి తెలుగు పంతులుకు ఇది వ్యాకరణ సమస్యగానే తోస్తుంది. నిఘంటువులో ఉండి జనుల నోట లేని మాటను మాట అనవలెనా, వద్దా?

ముందు చట్టం సంగతి. 2012 నాటి ఐరోపా సమాఖ్య నిబంధన ప్రకారం యూరో నాణేలు రెండే జాతులు: చలామణీ నాణేలు, సంగ్రాహక నాణేలు. రెండవ జాతికి ముఖవిలువ వేరుగా ఉండాలి, బొమ్మ చలామణీ నాణేన్ని పోలకూడదు. రంగు, వ్యాసం, బరువులలో కనీసం రెండు స్పష్టంగా భిన్నం కావాలి. అవి జారీచేసిన దేశంలోనే చెల్లుతాయి. మొదటి జాతి యూరో ప్రాంతమంతటా చెల్లుతుంది. అయితే అందులోనూ 5 శాతానికి మించని భాగాన్ని, ప్రత్యేక నాణ్యతనో పెట్టెనో కారణంగా చూపి, ముఖవిలువకంటె ఎక్కువ ధరకు అమ్మవచ్చును. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ఫిన్లాండు మొదటినుండీ నగదు మొత్తాలను 5 సెంట్లకు సరిచేసింది. కనుక దాని 1, 2 సెంట్ల నాణేలు ప్రధానంగా సంగ్రాహకులవే అయినవి. వాటికను తన నాణేలను తొలి సంవత్సరాలలో దాదాపు పూర్తిగా కూర్పులుగానే అమ్మింది. 2009 డిసెంబరు ఒప్పందం కనీసం 51 శాతం ముఖవిలువకే ఇవ్వాలని నిర్దేశించగా, 2010 నుండి దాని 50 సెంట్ల నాణెం అక్కడి దుకాణాలలో చిల్లరగా కనబడసాగింది. మొనాకో 2007లో గ్రేస్ కెల్లీ స్మారకంగా వెలువరించిన 2 యూరోల నాణేలు 20,001 మాత్రమే. చట్టరీత్యా దానితో ఒక కప్పు కాఫీ కొనవచ్చును. కొనే అమాయకుడు ఎక్కడా ఉండడు!

వీటన్నిటిలో నన్ను ఆకర్షించినది సాన్ మరీనో వారి తొలి స్మారక 2 యూరోలు, 2004 నాటిది. దానిమీద ఉన్నవాడు బార్తొలొమేయో బొర్గేసి. 1821 నుండి 1860లో మరణించేవరకు అక్కడే నివసించి, రోమను నాణేలనూ శాసనాలనూ చదివి చరిత్ర నిగ్గు తేల్చిన పండితుడు. మన నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమను వెండి నాణేలు సముద్రాంతర వర్తకానికి సాక్ష్యం చెబుతున్నవంటే, అవి చేతులు మారుతూ ఇంతదూరం వచ్చినందువల్లనే కదా! అటువంటి నాణేల సాక్ష్యాన్ని చదివినవాని బొమ్మగల నాణెం మాత్రం అట్టమడతలో అమ్ముడై, అక్కడే ఉండిపోయింది. నేడు ఏ చేతులు దేనిని మోసినవో రాసిపెట్టకపోతే, రేపటి చరిత్రకారుడు ఈ పెట్టెలను చూసి లేని వర్తకాన్ని ఊహించగలడు.

పంకజమంటే వ్యుత్పత్తినిబట్టి బురదలో పుట్టినది ఏదైనా కావచ్చును. రూఢిలో తామర ఒక్కటే. మంచి నిఘంటువు రెండూ చెబుతుంది. నాణేల పట్టికా అంతే చేయాలని నా మనవి. చట్టం వ్యుత్పత్తి, చలామణీ రూఢి. బొర్గేసి నాణేన్ని చలామణీ జాతిలోనే ఉంచుదాము. దాని ప్రక్కనే "కూర్పుగా మాత్రమే అమ్మబడినది" అని ఒక ముక్క చేర్చుదాము. పరదేశంలో చెల్లని సంగ్రాహక నాణేలతో మాత్రం కలపవద్దు.