నీటి తూకం: శాతవాహన నాణెం నుంచి బాలాపూర్ నిమజ్జనం దాకా

హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో గణేశ్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది. ఇప్పుడు ఏటా వేలం ముగిశాక శోభాయాత్ర చాంద్రాయణగుట్ట, చార్మినార్, మొజంజాహీ మార్కెట్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు సాగుతుంది. లడ్డూ ఎంత పలికిందో మర్నాటికి ఊరూవాడా తెలుస్తుంది. సాగర్‌లో దిగిన విగ్రహాల్లో కొన్ని ఎందుకు మునిగాయి, కొన్ని ఎందుకు తేలుతూ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి అని అడిగేవారు తక్కువ. ఈ ప్రశ్న వెనక తెలుగునేలపై రెండు వేల ఏళ్ల అనుభవం ఉంది.

బరువైనది మునుగుతుంది, తేలికైనది తేలుతుందని పిల్లలకు చెప్పేస్తాం. గోళీ అంత గులకరాయి మునుగుతుంది. పదిమంది ఎత్తలేని టేకు దుంగ తేలుతుంది. కాబట్టి ఒట్టి బరువుతో లెక్క తేలదు. వస్తువు ఎంత నీటిని పక్కకు నెడితే, అంత నీటి బరువుతో నీరు దాన్ని పైకి నెడుతుంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దిలో సిరక్యూజ్ నగరంలో ఆర్కిమెడీస్ దీన్ని సూత్రంగా చెప్పాడు. సూత్రం తెలియని మన ఇళ్లలోనూ బియ్యం గాలించి రాళ్లు వేరు చేశారు, ఉప్పునీళ్లలో వరి విత్తనం పోసి పైకి తేలిన తాలు తీసి పారేశారు.

క్రీస్తుశకం రెండో శతాబ్దికి శాతవాహనులు రెండు తెరచాప స్తంభాల ఓడ బొమ్మతో నాణేలు వేశారు. వాటిలో చాలావాటిని సీసంతో చేశారు. సీసం నీటికి పదకొండు రెట్లు బరువు. అటువంటి నాణేలు నింపుకున్నా కొయ్య ఓడ మాత్రం తేలుతుంది. కొయ్యలన్నీ ఒక తీరు కావు. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడే పొనికి కర్ర బెండులా తేలుతుంది. శేషాచలం ఎర్రచందనం చేవ నీళ్లలో వేస్తే అడుగుకు పోతుంది. గోదావరిలో మన్యం నుంచి రాజమండ్రికి కలప దించినవారు దుంగల్నీ వెదుళ్లనీ తెప్పలుగా కట్టి ప్రవాహానికి వదిలేవారు. కృష్ణ, తుంగభద్రల మీద వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టి తిరిగేది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ బుట్టపడవల గురించి రాశాడు.

ఇంత చరిత్రలోనూ నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఒక ఇటుక. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో నిలిపిన రామప్ప గుడి విమానానికి వాడిన ఇటుక నీటిపై తేలుతుంది. మామూలు ఇటుకను బకెట్లో వేస్తే బుడగలు వదులుతూ అడుగుకు చేరుతుంది. కాలిన మట్టి స్వతహాగా నీటికి దాదాపు రెండున్నర రెట్లు బరువు. అటువంటి మట్టితో చేసిన ఇటుక తేలాలంటే అందులో సగానికి మించి గాలి గదులే ఉండాలి, ఆ గదుల్లోకి నీరు సులువుగా చొరబడకూడదు. కాలిపోయే పదార్థమేదైనా మట్టిలో కలిపి కాలిస్తే, అది బూడిదై ఖాళీలు మిగులుతాయి. ఇక్కడ శిల్పుల ఉద్దేశం నీటిపై తేల్చడం కాదు, శిఖరం భారాన్ని తగ్గించడం. బరువు ఎక్కడ ఉండాలో, గాలి ఎక్కడ ఉండాలో వారికి తెలుసు. 2021 జులైలో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఇనుము వంతు విశాఖలో వచ్చింది. 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించిన ‘జల ఉష’ సింధియా కర్మాగారంలో తయారైన ఉక్కు నౌక. ఉక్కు నీటికి దాదాపు ఎనిమిది రెట్లు బరువైనా, బోలుగా మలిచినందువల్ల అది తన బరువుకు సరిపడా నీటిని పక్కకు నెట్టగలిగింది.

తేలినంత మాత్రాన భద్రమని కాదు. ఆ పాఠం హుస్సేన్‌సాగర్ ప్రాణాలు తీసుకుని నేర్పింది. రాయగిరి గ్రానైటుతో గణపతి స్థపతి బృందం మలిచిన 58 అడుగుల బుద్ధ విగ్రహాన్ని 1990 మార్చి 10న బల్లకట్టుపై తరలిస్తుండగా, ఒడ్డు నుంచి కాస్త దూరం పోగానే బల్లకట్టు ఒరిగింది. బుద్ధుడు నీటిలోకి జారిపోయాడు, పలువురు మరణించారు. తేలే వస్తువు మీద బరువు పక్కకు జరిగితే ఒరుగు పెరుగుతుంది, ఒరిగిన కొద్దీ బరువు ఇంకా జరుగుతుంది. గ్రానైటు నీటికి 2.7 రెట్లు బరువు. విగ్రహం 350 టన్నులనుకుంటే, నీటిలో ఉన్నంతసేపు దాదాపు 130 టన్నుల భారాన్ని సాగరే మోసినట్టు. పైకి తీసేటప్పుడు, నీటి మట్టం దాటాక, ఆ భారమంతా తిరిగి మనుషుల మీద పడుతుంది. రెండేళ్లకు పైగా అడుగున ఉన్న బుద్ధుడు 1992 డిసెంబరు 1న పీఠం మీద నిలిచాడు.

ఇక గణపతి. మట్టి విగ్రహం తడిసి, మెత్తబడి, విడిపోయి అడుగున మట్టిగా కలుస్తుంది. లోపలి గడ్డి, కర్ర పైకి వస్తాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం లోపల బోలు. నీరు చొరబడేదాకా తేలుతుంది, మునిగాకా త్వరగా కరగదు. గట్టిపడ్డాక అది జిప్సమే, లీటరు నీటిలో జిప్సం కరిగేది రెండు గ్రాములకు కాస్త ఎక్కువ, అంతే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను వద్దంది. హుస్సేన్‌సాగర్‌లో వాటి నిమజ్జనం కూడదని 2021లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. సుప్రీంకోర్టు ఆ ఏడాదికి మాత్రం మినహాయింపు ఇచ్చింది.

బాలాపూర్ చుట్టుపక్కల మండపాల పెద్దలకు ఒక విన్నపం: విగ్రహం కొనేముందు ఎత్తు సంగతి పక్కన పెట్టి, దేనితో చేశారో అడగండి. బడి పంతుళ్లకూ ఒక మాట: ఈ పాఠం చెప్పేరోజు ఒక ఇటుక ముక్క, ఒక కర్ర ముక్క, ఒక స్టీలు గిన్నె, బకెట్ నిండా నీళ్లు తరగతిలో పెట్టండి. ఏది తేలుతుందో ముందు పిల్లల్నే చెప్పమనండి.